కట్టుడుపళ్ళ ఇంగ్లీషు

అద్దంలో పళ్ళు బాగానే ఉన్నాయి. ఆ మాటకొస్తే ఆవిడ వయసుకి కొంచెం ఎక్కువే బాగున్నాయి. తెల్లగా, ఒకదాన్నొకటి తోసుకోకుండా, ప్రార్థనకి నిలబడ్డ బడిపిల్లల్లా వరసలో ఉన్నాయి. పళ్ళడాక్టరమ్మ అద్దాన్ని ఇంకాస్త దగ్గరికి జరిపి, "ఏదీ, ఒకసారి నవ్వండి మేడం" అంది.

ఇంగ్లీషు మేడం నవ్వలేదు. అద్దంలోకి గుచ్చి చూస్తూ "ఫిఫ్టీ ఫైవ్" అనబోయింది.

నోట్లోంచి వచ్చింది మాత్రం "వివ్టీ వైవ్".

ఆవిడ గతుక్కుమంది. గొంతు సవరించుకుని మళ్ళీ అంది. మళ్ళీ అదే వచ్చింది. ఈసారి పెదవిని బలవంతాన వెనక్కి లాక్కుని అంటే, తుంపర్లు పడి అద్దం మసకబారింది తప్ప మాట మారలేదు.

"కొత్త కదండీ" అంది డాక్టరమ్మ అద్దం తుడుస్తూ. "నాలుగు రోజులు పెట్టుకుని తిరగండి, అవే అలవాటైపోతాయి. చూడ్డానికి మాత్రం అదిరిపోయాయి."

చూడ్డానికి. ఆ మాట దగ్గరే ఆవిడకు ఒళ్ళు మండింది.

ఇంగ్లీషు మేడం అన్న పేరేగానీ ఆవిడ పాఠాల్లో కథలుండవు, వ్యాకరణం ఉండదు. ముప్ఫై ఏళ్ళకు పైగా ఆవిడ చెబుతున్నది ఒక్కటే. ఏ శబ్దానికి నాలుక ఎక్కడ ఉండాలి, గాలి ఎటు పోవాలి, గొంతు మోగాలా వద్దా. హోటళ్ళలోనూ విమానాశ్రయాల్లోనూ ఉద్యోగాలకు వెళ్ళే పిల్లలు ఆవిడ దగ్గరికి వస్తారు. "ఫలితంలో ఫ వేరు, ఫోన్‌లో ఫ వేరు" అని మొదటిరోజే చెబుతుంది. "ఫలితం అన్నప్పుడు రెండు పెదవులూ కలుస్తాయి. ఫోన్ అన్నప్పుడు కలవకూడదు. పైపళ్ళ అంచు కింది పెదవి మీద ఆనాలి. పెదవి మీద తడీ పొడీ కలిసే గీత ఒకటుంటుంది చూడండి, సరిగ్గా అక్కడ. ఆ సందులోంచి గాలి జారాలి. గొంతు మోగిందా, అది ఫ కాదు, వ." నోరు మంచిదైతే ఊరు మంచిదని లోకమంతా చెప్పే సామెతే. ఆవిడ లెక్కలో నోరు మంచిదవడమంటే పళ్ళూ పెదవీ తమ చోటు తప్పకపోవడం.

అలాంటి మనిషికి చిగుళ్ళ జబ్బు వచ్చి పైవరస మొత్తం పోయింది. చిగుళ్ళు మానేదాకా ఇంట్లో కూచుని, జావలు తాగి, తలుపు కొట్టినవాళ్ళతో సైగలు చేసి, చివరికి కట్టుడుపళ్ళు పెట్టించుకుంది. అచ్చు తీసుకునే రోజున కూతురు వెంట వచ్చింది. కూతురిది ఫోటో స్టూడియో. నలుగురినీ నవ్వించి బతికే పని. తల్లి పెళ్ళినాటి ఫోటో ఒకటి తెచ్చి డాక్టరమ్మ చేతికిచ్చి, "ఇదిగో, మా అమ్మ నవ్వితే పళ్ళు ఇంత కనబడేవి. అలాగే కావాలి" అంది. డాక్టరమ్మ అలాగే చేయించింది. కానీ ఆ ఫోటోనాటి దవడ ఎముక అరిగిపోయింది, పెదవి కిందికి జారింది. పళ్ళు మాత్రం అప్పటి పొడుగుకి దిగాయి. ఇప్పుడు ఆవిడ ఫ అనబోతే ఆ అంచు తడి గీత దాటి పెదవి లోపలికి దిగబడుతోంది. గాలికి దారి లేక ఫ కాస్తా మూలిగి వ అయిపోతోంది.

ఇంటికి వెళ్ళగానే ఆవిడ భర్తను కుర్చీలో కూచోబెట్టి ఎదురుగా నిలబడింది. ఆయన బతుకంతా ముద్రణాలయంలో యంత్రాల మధ్య గడిపి రిటైరైన మనిషి. పేపరు మడిచి పక్కన పెట్టి, "ఏమైంది?" అన్నాడు.

"నేనొక మాట అంటాను. మీకు ఏం వినబడిందో చెప్పండి. పైన తిరిగేదా, రోడ్డు మీద తిరిగేదా?"

"సరే, అను."

"ఫ్యాన్."

"ఫ్యాన్" అన్నాడాయన.

ఆవిడకు ప్రాణం లేచివచ్చింది. మళ్ళీ అంది. మళ్ళీ ఆయన ఫ్యానే అన్నాడు. ఎన్నిసార్లన్నా ఫ్యానే. అయితే తప్పు తన చెవిదేనేమో, దవడలో మాట గింగురుమని తనకే అలా వినిపిస్తోందేమో అనుకుంది. పరీక్ష పూర్తిచేద్దామని ఈసారి కావాలనే "వ్యాన్" అంది.

"ఫ్యాన్" అన్నాడు ఆయన ధీమాగా.

"నేను వ్యాన్ అన్నాను."

"అవునా. పెదవి అలాగే కదిలిందే మరి."

"పెదవా?"

ఆయన కళ్ళజోడు తీసి పంచె అంచుతో తుడుచుకోవడం మొదలుపెట్టాడు. తప్పించుకోవాలనుకున్నప్పుడల్లా ఆయన చేసే పని అదే. "ఈ మధ్య సన్నటి శబ్దాలు సరిగ్గా అందడం లేదులే" అన్నాడు. "స, ఫ, అలాంటివి. మూతి చూసి గ్రహించేస్తున్నాను. ఇబ్బందేం లేదు, అలవాటైపోయింది."

"ఈ మధ్య అంటే?"

"అమ్మాయి పెళ్ళప్పటి నుంచి."

కూతురి కొడుకు ఇప్పుడు బడికి వెళ్తున్నాడు. ఆవిడకు ఎవరి మీద కోప్పడాలో తెలియలేదు. ఊరందరికీ వినడం ఎలాగో నేర్పిన మనిషి, పక్కమీది మనిషికి వినబడటం లేదన్న సంగతి కనిపెట్టలేకపోయింది. ఇన్నేళ్ళూ పొద్దున్నే ఆయన ముందు పాఠం వల్లెవేస్తే "బాగుంది, బాగుంది" అన్నది ఏం విని? చెవిటివాడి ముందు శంఖం ఊదడమంటే ఇన్నాళ్ళూ సామెతనుకుంది.

"ఫ, వ రెండూ పెదవికి ఒకటేనండీ" అంది చివరికి నీరసంగా. "తేడా గొంతులో ఉంటుంది. గొంతు కంటికి కనబడదు. రేపే చెవుల డాక్టరు దగ్గరికి వెళ్దాం."

"ఒకరు పళ్ళు పెట్టించుకుంటే ఏమైందో చూశాంగా" అని ఆయన మళ్ళీ పేపరు తెరిచాడు.

కోపం వస్తే పళ్ళు కొరకడం ఆవిడకు పాత అలవాటు. కొరకబోయి ఆగింది. కొత్త పళ్ళు విరుగుతాయేమోనని భయం.

శిక్షణ కేంద్రం టైర్ల దుకాణం పైఅంతస్తులో ఉంటుంది. కిటికీ తీస్తే రబ్బరు వాసన, మూస్తే ఉక్క. దాని యజమాని ఒకప్పుడు ఆవిడ దగ్గరే చదువుకున్నాడు. ఆ రోజుల్లో ముందు ఇకారం తగిలించకుండా స్కూలన్న మాట అతని నోట ఎంతకీ పలికేది కాదు. అందుకని తోటిపిల్లలు 'ఇస్కూలు' అని పిలిచేవాళ్ళు. ఇప్పుడు నిజంగానే ఒక స్కూలుకి యజమాని. ఎదురుగా మర్యాదగా పలకరిస్తుందిగానీ, మనసులో ఆవిడకి అతను ఇప్పటికీ ఇస్కూలే.

కొత్త బ్యాచిలో అందరూ హోటల్ రిసెప్షన్లో ఉద్యోగాలకు తయారవుతున్నవాళ్ళు. ఆవిడ తరగతిలోకి అడుగుపెట్టగానే లేచి, నేర్పినట్టే ముక్తకంఠంతో "గుడ్ మార్నింగ్ మేడం, హౌ ఆర్ యూ?" అన్నారు.

నోరు జారిపోయింది. "అయామ్ వైన్" అంది ఆవిడ.

వెనక బెంచీలో ఎవడో కిసుక్కుమన్నాడు. దాంతో గదంతా నవ్వు పాకింది. "పొద్దున్నేనా" అని గొణిగింది ఇంకొకరు.

నవ్వినందుకు కాదు ఆవిడకు కోపం వచ్చింది. "ఆగండి" అంది. "నేనన్నది తప్పే. పళ్ళు కొత్తవి, ఫ పలకడం లేదు, వ వచ్చింది. కానీ పైపళ్ళు పెదవికి ఆనిన వ అది. దానికి ద్రాక్షతీగ అని అర్థం. మీరు నవ్వింది ద్రాక్షసారా అనుకుని. దానికి పెదవులు గుండ్రంగా చుట్టాలి, పళ్ళు తగలకూడదు. నేను తీగంటే మీరు సారా ఎందుకు విన్నారు?"

పిల్లలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ముందు బెంచీలో కూచున్న పొడుగమ్మాయి, నిలబడితే ఫ్యానుకి తల తగులుతుందేమో అన్నట్టు ఎప్పుడూ కాస్త వంగి ఉండే పిల్ల, నిదానంగా అంది: "రెండూ వైనే కదా మేడం."

"అందుకే కదమ్మా మీరిక్కడున్నది" అంది ఆవిడ. ఆ ఆఖరి మాటలో 'ఉన్నది'కి ముందు ఎక్కడో పళ్ళసెట్టు జారి టక్కుమంది. మళ్ళీ నవ్వారు.

మధ్యాహ్నం ఇస్కూలు తన గదిలోకి పిలిచి టీ ఇప్పించాడు. వేడి టీతో కొత్త పళ్ళు కరిగిపోతాయేమో అన్నట్టు ఆవిడ కప్పు ముట్టుకోలేదు.

"మేడం, మీరు నన్ను తప్పుగా అనుకోకండి" అని మొదలుపెట్టాడు. ఆ మాటతో మొదలైన ఏ మాటా మంచిది కాదని ఆవిడకు తెలుసు. "కొన్నేళ్ళ కింద మీ పాఠాలన్నీ రికార్డు చేశాం కదా. స్పీకర్లో అవి పెడదాం. మీ గొంతే, మీ పాఠమే. పళ్ళు కుదురుకునేదాకా మీరు పక్కన కుర్చీలో కూచుంటే చాలు. పిల్లలకి ఒక పెద్దదిక్కు."

"నేను పాఠం చెప్పలేనంటావు."

"అయ్యో, అలా ఎవరన్నారు? ఈ నెలాఖరుకి హోటలు వాళ్ళు పరీక్ష పెట్టడానికి వస్తున్నారు. అంతదాకానే."

మరునాటి నుంచి తరగతి గదిలో ఆవిడ తన గొంతు పక్కనే తను కూచుంది. బల్లమీద నల్లటి డబ్బా. అందులోంచి పాతికమందికి సరిపోయే గంభీరమైన గొంతు. "మన మాట చివర అచ్చు లేకపోతే మనకి తోచదు. తలుపు వెయ్యకుండా బయటికెళ్ళినట్టుంటుంది. అందుకే బస్ అన్నదాన్ని బస్సు అంటాం, రోడ్ అన్నదాన్ని రోడ్డు అంటాం. ఇంగ్లీషులో తలుపు తీసే ఉంచండి." పిల్లలు నవ్వారు. తను ముందు నిలబడి చెప్పినప్పుడూ సరిగ్గా ఇక్కడే నవ్వేవాళ్ళు. తన మీద తనకే ఈర్ష్య కలగడమంటే ఏమిటో ఆవిడకు ఆ వారంలో తెలిసింది.

డబ్బాకి చెవులుండవు. అది చెబుతూ పోతుంది, అంతే. పొడుగమ్మాయికి జీరో పలకడం రావడం లేదు. జీతంలో జ పలుకుతోంది. డబ్బా "వెరీ గుడ్, నౌ రిపీట్" అంటోంది. ఆ పిల్ల మళ్ళీ జీతమే అంటోంది. డబ్బా మళ్ళీ వెరీ గుడ్ అంటోంది. ఆవిడ కుర్చీలో కదిలి, ఓర్చుకుని, చివరికి "వెరీ గుడ్ కాదు" అనేసింది. డబ్బా ఆగలేదు.

అంతకంటే పెద్ద దెబ్బ ఇంకొకటి తగిలింది. ఒక పాఠంలో ఆ గొంతు అతిథుల్ని ఆహ్వానించడం ఎలాగో చెబుతూ "వెల్కమ్" అంది. ఆవిడ చెవులు నిక్కబొడుచుకున్నాయి. వెనక్కి తిప్పి మళ్ళీ విన్నది. సందేహం లేదు. పెదవులు చుట్టకుండా, పళ్ళు ఆనించి పలికింది. జన్మంతా ఏ తప్పు మీదైతే కత్తి కట్టిందో, అదే తప్పు తన నోట, తన సొంత పళ్ళతో, తన మంచి రోజుల్లో పలికింది. ఎన్ని బ్యాచిలు విన్నాయో. ఒక్కరూ పట్టుకోలేదు. తనూ పట్టుకోలేదు.

డబ్బా కట్టేసి, బ్యాగు భుజాన వేసుకుని మెట్లు దిగింది. పిల్లలకు ఏం చెప్పిందో కూడా తెలియదు. నేరుగా పళ్ళాసుపత్రికి వెళ్ళింది.

"అరగదీయండి" అంది కుర్చీలో వాలుతూనే. "ముందు పళ్ళు. పొట్టిచేయండి."

డాక్టరమ్మ కంగారుపడింది. "అలా ఎలాగండీ. ఒకసారి తగ్గిస్తే మళ్ళీ పెంచలేం. అమ్మాయిగారు చూసి ఒప్పుకున్న సైజు కదా, ఒక మాట ఆవిడకి చెబుదాం."

"నోరు నాది. అమ్మాయిని అడిగేదేంటి?"

అయినా డాక్టరమ్మ ఫోన్ చేయనే చేసింది. కూతురు రావడానికి కాస్త సమయం పట్టింది. ఈలోగా ఆవిడ ఊరుకోలేదు. అద్దం డాక్టరమ్మ చేతికిచ్చి, "మీరు ఫ అనండి" అంది.

"నేనా?"

"మీరే. అంటూ చూసుకోండి. పన్ను ఎక్కడ ఆనుతోంది?"

డాక్టరమ్మ సిగ్గుపడుతూ అంది. చూసుకుంది. మళ్ళీ అంది. "తడి అంచు మీద" అంది నెమ్మదిగా. "ఇది మాకూ చదువులో ఉందండీ. పళ్ళు పెట్టాక పేషంటు చేత ఫిఫ్టీ ఫైవ్ అనిపించి చూడమని. పరీక్షకి చదివాం. ఇక్కడికొచ్చేవాళ్ళు తెలుపు గురించి అడుగుతారు, నమలడం గురించి అడుగుతారు. ఫ గురించి అడిగినవాళ్ళు ఇంతవరకూ లేరు. మేమూ అడగడం మానేశాం."

కూతురు కెమెరా సంచితోనే వచ్చింది. ఏదో ఫోటో మధ్యలో వదిలేసి వచ్చినట్టుంది. "అమ్మా, నీకేమైనా పిచ్చా? చక్కగా ఉన్న పళ్ళని అరగదీయిస్తావా? నవ్వితే ఇంకేం కనబడతాయి?"

"నవ్వితే కనబడక్కర్లేదే. మాట్లాడితే వినబడాలి."

"ఆ ఫోటోలో ఎలా ఉన్నావో చూశావా అసలు?"

"ఆ ఫోటోలో నేను మాట్లాడటం లేదు."

కూతురు కుర్చీ లాక్కుని కూచుంది. సంచి ఒళ్ళో పెట్టుకుంది. గొంతు తగ్గించి అంది: "నీ నవ్వు నేను చూసింది ఆ ఫోటోలోనే అమ్మా. ఇంట్లో ఎప్పుడు నవ్వావు? నేను నోరు తెరిస్తే చాలు, సరిదిద్దడమే. ఆకలేస్తోందన్నా ఉచ్చారణే, జ్వరమన్నా ఉచ్చారణే. బడి నుంచి ఏడుస్తూ వచ్చి టీచర్ కొట్టిందంటే, ముందు టీచర్ అన్న మాట సరిగ్గా అనమన్నావు. ఈ పళ్ళతోనన్నా నవ్వుతావేమో అనుకున్నాను."

డాక్టరమ్మ చేతులు కడుక్కునే నెపంతో అటు తిరిగింది. ఇంగ్లీషు మేడానికి ఆ టీచరు సంగతి గుర్తులేదు. గుర్తులేదుగానీ, తను అలా అని ఉంటుందనడంలో అనుమానమూ లేదు. ఏదో అనాలి. కూతురి చెయ్యి పట్టుకోవాలి కాబోలు. పట్టుకుందిగానీ నోట ఒక్క ముక్కా రాలేదు. వచ్చినా ఈ పళ్ళతో ఏం పలుకుతుందో.

"అరగదీయండి డాక్టరుగారూ" అంది చివరికి.

కూతురు చెయ్యి విడిపించుకుని, సంచి తగిలించుకుని వెళ్ళిపోయింది.

సానరాయి గిర్రున తిరిగింది. తెల్లటి పొడి రాలింది. డాక్టరమ్మ కొంచెం గీకడం, ఆవిడ పెట్టుకుని అనడం, మళ్ళీ తీయడం. అలా ఎన్నిసార్లో. ఉన్నట్టుండి ఒకసారి "ఫిఫ్టీ ఫైవ్" వచ్చేసింది. చలికాలం తలుపు సందులోంచి వచ్చే గాలిలా సన్నగా, శుభ్రంగా వచ్చింది. డాక్టరమ్మ చప్పట్లు కొట్టబోయింది.

"సిక్స్టీ సిక్స్" అంది ఆవిడ వెంటనే.

ప్రతి స దగ్గరా కుక్కరు కూత వేసింది. అంగిలిని కప్పే పళ్ళసెట్టు పలక మందం. నాలుకకీ దానికీ మధ్య ఉండాల్సిన సందు తప్పింది. "అది ఇంకా పల్చన చేస్తే విరిగిపోతుందండీ" అంది డాక్టరమ్మ. "ఇంతే అవుతుంది." ఇంకో ఆసుపత్రికి వెళ్ళాలంటే మళ్ళీ అచ్చు, మళ్ళీ నెలలు. ఆవిడ పళ్ళు పెట్టుకుని లేచింది.

మరునాడు తరగతిలో డబ్బాని తీసి బీరువాలో పెట్టేసింది. "చూడండి" అంది పిల్లలతో. "నా స లో ఈల వస్తుంది. ఈల మాత్రం నేర్చుకోకండి. మిగతాది నేర్చుకోండి." ఈసారి ఎవరూ నవ్వలేదు.

పొడుగమ్మాయి జీరో ఇంకా జీతంలోనే ఉంది. "జీతంలో జ కాదమ్మా. జల్లెడలో జ దానికి దగ్గరే, కానీ అదీ కాదు. నాలుక పైన తగలకూడదు. దగ్గరికెళ్ళి ఆగాలి" అని ఆవిడ చెప్పింది. చెప్పింది, పలికి చూపించింది, నోరు తెరిచి చూపించింది. ఈల, జారుడు, తుంపర్లు. ఎంత చెప్పినా ఆ పిల్ల నాలుక వెళ్ళి అంగిలికి అతుక్కుంటోంది. "కనబడటం లేదు మేడం" అంటోంది. నిజమే, నోట్లోపల చీకటి. ఎవరి నాలుక ఎక్కడుందో ఎవరికి కనబడుతుంది?

ఆవిడకి విసుగు నెత్తికెక్కింది. చేతిరుమాలు తీసి మూతికి అడ్డం పెట్టుకుని, పళ్ళసెట్టు ఊడదీసి, తుడిచి, అరచేతిలో పైకెత్తి పట్టుకుంది.

గదిలో ఎవరో "అమ్మో" అన్నారు. పొడుగమ్మాయి మాత్రం ఇంకాస్త ముందుకు వంగింది.

ఇప్పుడు ఆవిడ మాట్లాడలేదు. మాట్లాడితే అంతా గాలే. ఎడమచేతిలో పైవరస, కుడిచేతి చూపుడువేలు నాలుక. వేలికొసని పళ్ళ వెనక మిట్టకు ఆనించింది: జీతం. తల అడ్డంగా ఊపింది. వేలు కాస్త వెనక్కి తీసి, సందు వదిలి పట్టుకుంది. ఆ సందువైపు నోటితో ఊదింది. తరవాత పొడుగమ్మాయి చెయ్యి పట్టి, ఆ పిల్ల గొంతు మీదే పెట్టింది.

"స్" అంది పొడుగమ్మాయి. గాలి వచ్చింది. మేడం వేలితో గొంతు చూపించింది. మోగించు అన్నట్టు. ఆ పిల్ల కళ్ళు మూసుకుని గొంతు మోగించింది. స కాస్తా తుమ్మెద రొదగా మారింది. ఆ రొద అరచేతికి తగిలి ఉలిక్కిపడి కళ్ళు తెరిచింది. "జీరో" అంది. ఈసారి అది జీతం కాదు, జల్లెడా కాదు. కుర్చీలు ఈడ్చుకుని అందరూ ముందుకొచ్చారు. ఫ చూపించమని ఒకరు, థింక్‌లో నాలుక ఎక్కడుంటుందో చూపించమని ఇంకొకరు.

తలుపు దగ్గర ఇస్కూలు నిలబడి ఉన్నాడు. ఎంతసేపటి నుంచో. తరగతి అయ్యాక, "మేడం, బావుందిగానీ, బయటివాళ్ళు చూస్తే ఏమనుకుంటారు. చేతిలో పళ్ళు" అని నసిగాడు.

"నీ నాలుక నేను సరిచేసినప్పుడు పళ్ళు నోట్లోనే ఉండబట్టి నీకు సగమే వచ్చింది రా ఇస్కూలూ" అంది ఆవిడ, పళ్ళు పెట్టుకుంటూ. ఆ పేరు పైకి అనడం అదే మొదలు. అతను కాసేపు అర్థంకానట్టు చూసి, తల గోక్కుంటూ వెళ్ళిపోయాడు.

నెలాఖరుకి హోటలు నుంచి పరీక్షకుడు వచ్చాడు. కోటు, మెరిసే బూట్లు. ఒక్కొక్కరినే లోపలికి పిలిచి మాట్లాడించాడు. ఇంగ్లీషు మేడం అదే గదిలో మూల కుర్చీలో కూచుని వింది. "బీ ఈజీ, బీ ఈజీ" అని అతను జీతంలో జ తో పిల్లలకి ధైర్యం చెబుతుంటే ఆవిడ చెవుల్లో ముల్లు దిగినట్టయింది. పొడుగమ్మాయి వంతు వచ్చింది. చెమటలు కక్కుతూ, నుదురు ముడివేసి, ఒక్కో మాటా తూచి వదిలింది. ఫ ఉన్నచోట ఫ, వ ఉన్నచోట వ. గది నంబర్లు అడిగితే ప్రతి జీరో తుమ్మెదలా మోగింది. మేడం గుండె నిండిపోయింది.

ఎంపికైనవాళ్ళ పేర్లలో ఆ పిల్ల లేదు.

"ఆ అమ్మాయి ఉచ్చారణ విన్నారా?" అని ఆవిడ మెట్ల దగ్గర పరీక్షకుణ్ణి ఆపింది.

"విన్నానండీ. బాగానే ఉంది. అందరిదీ బాగానే ఉంది."

"అందరిదీ బాగా లేదు. మీరు తీసుకున్నవాళ్ళలో ఇద్దరు అతిథిని ఆహ్వానించే మాట కూడా సరిగ్గా పలకలేదు."

"అవన్నీ ఎవరు పట్టించుకుంటారు మేడం. ఆ అమ్మాయి ముఖంలో నవ్వు లేదు. అతిథికి గుర్తుండేది నవ్వే." అతను వినయంగా తల వంచాడు. "మీ నవ్వు చూడండి, ఎంత బాగుందో."

ఆవిడ నవ్వడం లేదు. పళ్ళు బిగపట్టి ఉంది.

పొడుగమ్మాయి కింద టైర్ల దుకాణం ముందు నిలబడి ఉంది. ఏడవలేదు. కోపంగా ఉంది. "నాలుక మీద ధ్యాస పెట్టమన్నారు, పెట్టాను" అంది. "నవ్వమని మీరు ఒక్కరోజు కూడా చెప్పలేదు మేడం."

అదీ నిజమే. నవ్వుతూ జీరో అనొచ్చు, పెదవులు సాగితే శబ్దం ఇంకా తేటగా వస్తుంది కూడా. ఆ సంగతి ఆవిడకు తెలుసు, చెప్పాలని తోచలేదు, అంతే. ఆ సాయంత్రం కూతురి స్టూడియోకి వెళ్ళింది. గంటసేపు కూచుని, ఎవరో పిల్లాడి పాస్‌పోర్టు ఫోటో తీయడం చూసి, కూతురు పోసిన టీ తాగి వచ్చింది. ఇద్దరూ పళ్ళ మాట ఎత్తలేదు. కూతురు ఒక మాట తప్పు పలికితే ఆవిడ పెదవి కదిలి ఆగిపోయింది. కూతురు అది చూసి, చూడనట్టు ఊరుకుంది.

బస్సుల కంపెనీలో ఫోన్ విచారణ విభాగం ఉంది. అక్కడి పెద్ద ఒకప్పటి శిష్యురాలు. మేడం మాట మీద పొడుగమ్మాయిని కొన్నాళ్ళు చూద్దామని తీసుకున్నారు. అక్కడ ముఖం ఎవరికీ కనబడదు.

ఒక మధ్యాహ్నం మేడం ఉండబట్టలేక ఆ నంబరుకి ఫోన్ చేసింది. ఎక్కడికీ వెళ్ళే పని లేదు. ఆ పిల్ల గొంతే పలికింది. మేడం ఏదో ఊరికి బస్సు ఎప్పుడని ఇంగ్లీషులో అడిగింది. పిల్ల సమయాలు చదివింది.

"జీరో బాగా వచ్చింది" అంది ఆవిడ తెలుగులోకి వచ్చేసి. "కానీ ఫైవ్ చివర ఉకారం తగిలిస్తున్నావు. ఫైవు కాదు. తలుపు తీసే ఉంచు. ఇంకోసారి అను."

"మేడం, లైన్లో ఇద్దరు ఎదురుచూస్తున్నారు" అంది పొడుగమ్మాయి.

"ఒక్కసారే."

"ఫైవ్" అంది ఆ పిల్ల విసుగ్గా. చివర ఉకారం లేదు. కానీ మొదటి ఫ లో గాలి సరిపోలేదు. ఆవిడ ఆ సంగతి చెప్పబోయేలోపు ఆ పిల్ల ఫోన్ పెట్టేసింది.